ఖాళీగా వదిలిన శుక్రవారాలు

చేత్తో ఎత్తి చూస్తే పెద్ద బరువేమీ కాదు. నల్ల రెగ్జిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, లోపల వంద పైచిలుకు పేజీలు. నా ఎం.టెక్. థీసిస్. చదువు అయ్యాక అయిదు అద్దె ఇళ్ళు మారాను. మారిన ప్రతిసారీ దాన్ని అట్టపెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టి పైన వంటసామాను సర్దాను. పారెయ్యలేను. తెరిచి చూడలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పగలిగే గుండే ఉంటే ఇన్నేళ్ళు ఎందుకు దాచుకుంటాను?

పేరు చెప్పను. మాది గూడెం కొత్తవీధి వైపు. నాన్న మిషన్ బడిలో మాస్టారు. మా చుట్టుపక్కల కొండల్లోంచి ఇంజనీరింగు దాటి ఎం.టెక్. దాకా వచ్చిన ఆడపిల్ల అప్పటికి, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. గొప్పకి చెప్పడం లేదు. తర్వాత నేను చేసిన పనికి మూలం ఇక్కడే ఉందని చెబుతున్నాను. మూలమా, సాకా? రాస్తుంటే నాకే తేలడం లేదు. రెండూ కావచ్చు.

ఇప్పుడు నేను కాలేజీలో చెప్పే సబ్జెక్టును ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్ అంటున్నారు. నేను చదివే రోజుల్లో ఆ పేరు మా గైడు సారు నోటే వినేవాళ్ళం. మిగతావాళ్ళందరం సెన్సర్ నెట్‌వర్క్ అనేవాళ్ళం. సంగతి మాత్రం ఒకటే. మనిషి దగ్గర లేకపోయినా చిన్న చిన్న పెట్టెలే తమ చుట్టూ ఉన్న వేడినీ చెమ్మనీ కొలిచి, ఒకదానికొకటి రేడియోలో చెప్పుకుని, ఆ కబురు కంప్యూటరు దాకా చేరవేస్తాయి. "వస్తువులు వాటిలో అవే మాట్లాడుకుంటాయమ్మా" అనేవారు సారు. విశాఖపట్నం హాస్టల్లో రోజంతా ఒక్కరితోనూ మాట్లాడకుండా గడిచిన రోజులు నాకు చాలా ఉన్నాయి. కోటా సీటని నా వెనక అనుకునేవాళ్ళు. నా ముందు నవ్వేవాళ్ళు. అలాంటప్పుడు ఆ మాట నాకు ఎంత నచ్చిందో మీకు చెప్పలేను.

ప్రాజెక్టు కోసం సారు నన్ను కొండల మీదికే పంపారు. "మీ ఏజెన్సీయే కదా, కాఫీ తోటల్లో పెట్టు. నీకు తేలిక" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ తేలిక అనే మాట నా నెత్తిన కూర్చుంది. నాకు తేలికైనది కూడా నేను చెయ్యలేకపోతే ఇంకేం మిగులుతుంది?

డుంబ్రిగుడ దాటాక ఒక కాఫీ నర్సరీ ఉంది. అది ఏ ఆఫీసు కిందిదో చెప్పను. వేసవిలో అక్కడ ఎనిమిది పెట్టెలు కట్టాను. ఒక్కొక్కటి సబ్బుపెట్టెంత. లోపల రెండు పెన్సిల్ సెల్లులు. రోజుకు మూడుసార్లు లేచి, కొలిచి, కబురు పంపి మళ్ళీ పడుకుంటాయి. పని లేనప్పుడు సెల్లు ఖర్చవకుండా పెట్టె అలా ఊరకుండిపోవడాన్ని మా చదువులో స్లీప్ అంటారు. నిద్రే.

ఆ నర్సరీలో అప్పటికే కొలిచే మనిషి ఒకామె ఉంది. సుక్రి. శుక్రవారం పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టారట. నలభై ఏళ్ళుంటాయి. మిషన్ బడిలో అయిదు దాకా చదివింది. వాన డబ్బాలో చేరిన నీళ్ళు గాజు కొలతలోకి వంచి చూడడం, తెల్ల పెట్టెలో వేలాడే థర్మామీటర్లు చూడడం, చూసింది పుస్తకంలో రాయడం ఆమె పని. రోజుకు మూడుసార్లు, పన్నెండేళ్ళుగా. నేను అప్పా అని పిలిచేదాన్ని, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ఆమె నన్ను సెల్లీ అనేది. నా పెట్టెలు చెప్పేది నిజమో కాదో ఆమె పుస్తకంతో పోల్చి చూసుకోవాలి. అలాగని థీసిస్ మొదటి పేజీల్లో రాసుకున్నాను కూడా.

వేసవి ఉన్నన్నాళ్ళూ బాగానే పలికాయి. వానలు మొదలవగానే ఒక్కొక్కటే మూగబోయాయి. తడిసిన ఆకులు రేడియోని మింగేస్తాయని పుస్తకంలో చదివాను గానీ మా కొండల వానను ఆ పుస్తకం రాసినవాళ్ళు చూసి ఉండరు. దానికి తోడు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. తీగ వెళ్ళే రంధ్రం పెట్టెకు పైవైపు పెట్టాను. కొండల్లో పుట్టిన పిల్లని, నీళ్ళు పైనుంచి పడతాయని తెలియదా? ల్యాబులో బల్ల మీద అలా పెడితే చూడ్డానికి బాగుందని పెట్టాను. రెండు వారాల్లో ఎనిమిదీ పోయాయి.

నర్సరీ స్టోరుగదిలో ఒక మంచం మీద, గోనెసంచుల వాసనలో, ఆ పెట్టెలు ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. సుక్రి అప్ప ఒకరోజు వచ్చి ఒక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుంది.

"ఏటి సెల్లీ, నీ డబ్బాలు పలకడం నేదేటి?"

"నిద్దరోతున్నాయప్పా" అన్నాను.

"వానల్లో నిద్దర బాగా పడతాది మరి" అని నవ్వి, ఆ పెట్టెను పైటచెంగుతో తుడిచి తీసుకుపోయింది. సాయంత్రం తెచ్చి ఇచ్చింది. పొయ్యి పక్కన పెట్టి ఆరబెట్టిందట. లోపల తుప్పు పట్టిపోయింది, అది ఇక లేవదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. అరకు వెళ్ళి ఎస్‌టీడీ బూతులోంచి సారుకు ఫోన్ చేశాను. డేటా వస్తోందా అని అడిగారు. వస్తోంది సార్ అన్నాను. నిజం చెబుదామనే ఫోన్ చేశాను, నమ్ముతారా? నోరు మాత్రం ఆ మాట అంది.

ఇప్పుడు చెప్పబోయేది నేను మరచిపోలేని సంభాషణ. ఒక శనివారం పొద్దున ఆమె పుస్తకం తిరగేస్తున్నాను. గళ్ళు చక్కగా గీసి ఉన్నాయి, అంకెలు గుండ్రంగా ఉన్నాయి, వాన లేని రోజుల్లో సున్నాలు. కానీ ముందురోజు గడి ఖాళీ. ఒక వారం వెనక్కి వెళ్తే అక్కడా ఖాళీ. ఇంకో వారం వెనక్కి వెళ్ళాను. అదే.

"అప్పా, నిన్నటిది రాయలేదేం?"

"నిన్న సంత గదా. అరకు ఎల్నాను."

"అయితే సున్నా వేసెయ్యకపోయావా? ఎవరు చూస్తారు?"

ఆమె నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఇంత చదివిన పిల్లకు ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది.

"సున్నా అంటే వాన పడనేదని. నాను సూడనేదు గదా. సూడకుండా సున్నా ఎలగ రాత్తాను? సున్నా ఏరు, ఖాళీ ఏరు."

మా ల్యాబులో ఈ తేడా మాకు నేర్పడానికి సారుకు ఒక నెల పట్టింది. ఆమె గొంతు తగ్గించి అంది.

"శుక్కురోరం నాను రానని పెద్ద సార్లకు సెప్పకేం. గుమస్తా బాబుకి తెలుసు, ఆయనేటీ అనడు. సంతకి ఎల్లకపోతే మడిసి మొకం ఎప్పుడు సూత్తాను సెల్లీ? వారమంతా ఈ డబ్బా మొకమే గదా."

"చెప్పనప్పా" అన్నాను.

ఆ మాట నిలబెట్టుకున్నాను. నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

వానలు తగ్గాక, రాసుకుని ఇచ్చేస్తానని ఆమె పుస్తకం అడిగి తీసుకుని దిగువకు వచ్చాను. ల్యాబులో పట్టపగలు, అందరి మధ్యా కూర్చుని చేశాను ఆ పని. థీసిస్‌కి కావలసింది వానాకాలపు లెక్కలే కాబట్టి, ఆ నెలలన్నీ నా పెట్టెలు పంపినట్టుగా ఆమె అంకెలు ఎక్కించాను. ఆమె ఇరవై ఒకటి అని రాస్తే నేను ఇరవై ఒకటి పాయింట్ మూడు అని కొట్టాను. యంత్రం పాయింట్లలో మాట్లాడుతుంది కదా. పోలిక కోసం పక్కన ఆమె వరస కూడా ఉండాలి. రెండూ ఒకేలా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకని ఆమె వరసలో అంకెల్ని అక్కడొకటి ఇక్కడొకటి జరిపాను. ఒకచోట ఒక డిగ్రీ, ఇంకోచోట రెండు. అంటే, ఆమె కళ్ళు సరిగ్గా చూసినదంతా నా పెట్టెల పేరన చేరింది. నేను కల్పించిన తప్పులన్నీ ఆమె పేరన చేరాయి.

శుక్రవారాల సంగతి గుర్తుంది నాకు. ఆమె వరసలో ఖాళీలు కనిపిస్తే పనికి రాలేదని పెద్దసార్లకు తెలిసిపోతుంది. ఆ గళ్ళన్నీ ఏవో అంకెలతో నింపాను. అప్ప కోసమే చేస్తున్నాను అనుకున్నాను. ఆ క్షణంలో నేను ఎంతో మంచిదాన్నని అనిపించింది. ఒక మనిషి పన్నెండేళ్ళ నిజాయితీని పాడుచేస్తూ, ఆమె చూడని రోజులకు కూడా అంకెలు అంటగడుతూ, అది దయ అనుకున్నాను. ఎలా అనుకోగలిగాను?

ఆ కంగారులో ఒకటి మరిచాను. నా పెట్టెల వరసలో శుక్రవారాలు నింపలేదు. ఆమె పుస్తకంలో ఎలా ఉన్నాయో అలాగే వచ్చేశాయి.

వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గ్రాఫు మీద వేలు పెట్టారు. ఏడు రోజులకొకసారి గీత తెగుతోందేమని అడిగారు. మా సారు నా వైపే చూస్తున్నారు. వెనక బెంచీల్లో మా క్లాసువాళ్ళున్నారు. నిజం చెప్పడానికి దేవుడు నాకు అంతకంటే మంచి అవకాశం ఇవ్వడు. ఏడు రోజులకొకసారి అంటే సంత అండీ, పెట్టెలు కావండీ, ఒక మనిషండీ అనాలి. అంతే.

"స్లీప్ సార్" అన్నాను. "సెల్లులు ఆదా చెయ్యడానికి వారంలో ఒకరోజు పూర్తిగా నిద్రపుచ్చాం."

ఆయనకు భలే నచ్చింది. ఏడో రోజు విశ్రాంతి అన్నమాట అని నవ్వారు. గదిలో అందరూ నవ్వారు, ఈసారి నన్ను చూసి కాదు, నాతోబాటు. ఆదివారం బడిలో చదువుకున్న పిల్లని, ఆ మాట బైబిల్లో ఎక్కడిదో నాకు తెలుసు. నేను కూడా నవ్వాను.

చివరి అధ్యాయంలో అందరూ రాసేలాంటి మాటలే రాశాను. మనిషి చూసి రాసే పద్ధతిలో పొరపాట్లు దొర్లుతున్నాయని, పెట్టెలు ఉన్నచోట మనిషి అవసరం ఉండదని. రాసేటప్పుడు నా కళ్ళముందు ఏ మనిషీ లేదు. ఒట్టు. మనిషి అనేది అక్కడ ఒక పదం, అంతే. మొదట్లో థాంక్స్ చెప్పుకునే పేజీలో సారుకి, హెడ్డుకి, అమ్మానాన్నలకి, ప్రభువుకి చెప్పాను. అప్ప పేరు పెడితే ఎవరీమె అని ఎవరైనా అడుగుతారని పెట్టలేదు. ఆమె పుస్తకాన్ని పోస్టులో తిప్పి పంపాను. రూలు ప్రకారం థీసిస్ కాపీ ఒకటి ఆ నర్సరీ ఆఫీసుకు కూడా వెళ్ళింది.

ఉద్యోగంలో చేరాక ఒక పెళ్ళికని హుకుంపేట వెళ్తూ అరకులో బస్సు మారడానికి దిగాను. శుక్రవారం. సంత కిటకిటలాడుతోంది. అల్లం కుప్ప ముందు కూర్చున్న ఒకామె లేచి నా చెయ్యి పట్టుకుంది.

"సెల్లీ, నీ డబ్బాలు నిద్దర లేచినాయా?"

నవ్వు అదే. మనిషి చిక్కిపోయింది. నర్సరీలో ఏదో మిషను పెట్టారని, ఇక రావద్దన్నారని చెప్పింది. పని పోయిందని ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె బాధ వేరే ఉంది.

"నాను రాసిందంతా తప్పంట. ఏదో పుస్తకంలో ఉందంట. నాను తప్పు రాసినానా సెల్లీ? నా పుస్తకం నువ్వు సూసినావు గదా. ఓ మాటు సార్లకు సెప్పు, సుక్రి తప్పు రాయదని." తర్వాత నా చెయ్యి నొక్కి అంది, "శుక్కురోరం సంగతి నువ్వే సెప్పేసుంటావని మా ఆయన అన్నాడు. ఆ గుంట సెప్పదు అన్నాను నాను."

ఆ ఏదో పుస్తకం నాదేనని ఆమెకు తెలియదు. బస్సు డ్రైవరు హారను కొడుతున్నాడు. చెప్తానప్పా అన్నాను. కాగితంలో పొట్లం కట్టి అల్లం చేతిలో పెట్టింది. నేను బస్సులో కూర్చున్నాక కూడా అప్ప ఇంకా చెయ్యి ఊపుతోంది. నేను కిటికీ అద్దం మూసేశాను.

చెప్పలేదు. ఒక్క ఉత్తరం చాలు. కొన్నిసార్లు రాశాను కూడా, చించేశాను. నిజం చెబితే డిగ్రీ పోతుంది, డిగ్రీతోబాటు ఉద్యోగం పోతుంది, నాన్న చర్చిలో తల ఎత్తుకోలేడు, మా కొండల్లోంచి తర్వాత వచ్చే పిల్లను చూసి వీళ్ళింతే అంటారు. ఈ కారణాలన్నీ నిజమే. కానీ ప్రతి కారణం వెనకా నేనే దాక్కుని ఉన్నాను. చర్చిలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు తలనొప్పి అని చెప్పుకునేదాన్ని. పాపం, అందరూ నా తలనొప్పి కోసం మోకరించేవాళ్ళు.

పెళ్ళి చేసుకోలేదు. ఇందుకోసమే అని చెప్పను, అది గొప్పలు పోయినట్టవుతుంది. కానీ ఎవరైనా దగ్గరయ్యేసరికి ఇది చెప్పాల్సి వస్తుందని భయం వేసేది. చెప్పకుండా దగ్గర కావడం నాకు రాలేదు. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి తాళం తీసి, నాకు నేనే టీ పెట్టుకుంటాను. వస్తువులన్నీ వాటిలో అవి మాట్లాడుకునే కాలం వచ్చిందని పొద్దున్నే పిల్లలకు పాఠం చెప్పి ఉంటాను. నా ఇంట్లో గడియారం తప్ప ఏదీ పలకదు.

మొన్న నా దగ్గర ఎం.టెక్. చేస్తున్న అమ్మాయి తన పెట్టెల గ్రాఫు తెచ్చి చూపించింది. ఏడు రోజులకొకసారి గీత తెగింది. ఇదేమిటమ్మా అన్నాను. "మీ థీసిస్ లైబ్రరీలో దొరికింది మేడమ్. మీలాగే వారానికొకరోజు నిద్రపుచ్చాను. సెల్లులు నిజంగానే ఎక్కువకాలం వస్తున్నాయి" అంది సంతోషంగా. నా అబద్ధం పనిచేస్తోందట. బాగుందమ్మా అన్నాను. చూశారా, ఇప్పుడు కూడా.

ఇంటికి వచ్చి అట్టపెట్టె తెరిచాను. వంటసామాను తీసి, అడుగునున్న పుస్తకం తీసి, ఆ గ్రాఫు పేజీ పట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఏడిస్తే ఏదో తీరిపోయినట్టు ఉంటుందేమో, అదీ నాకు దక్కలేదు. అప్ప ఉందో లేదో తెలియదు. ఉంటే నన్ను ఏమంటుందో తెలియదు. ఆమె తరఫున నన్ను నేను క్షమించుకునే హక్కు నాకు లేదు, మీకూ లేదు. మిమ్మల్ని అడగడం లేదు.

ఒక్కటి మాత్రం చూశాను. నా థీసిస్‌లో అంకెలన్నిటినీ ముట్టుకున్నాను. పాయింట్లు చేర్చాను, జరిపాను, నింపాను. నా చెయ్యి పడనివి ఆ గీత తెగిన చోట్లు మాత్రమే. ఆమె ఎలా వదిలిందో అలాగే ఉన్నాయి. అంత పుస్తకంలో నిజం అంటూ ఉంటే ఆ ఖాళీలే.

ఆరోజు ఎగ్జామినరు అడిగినదానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను. చాలా ఆలస్యమైంది, అయినా నోటి నుంచి వచ్చింది, కాస్త ఊపిరి ఆడుతోంది. అక్కడ ఏ పెట్టే నిద్రపోలేదు సార్. ఆ రోజు సుక్రి అప్ప సంతకు వెళ్ళింది.